ఆరు నల్ల బిళ్లలు

లెమ్విగ్
4 సెప్టెంబరు 1995

విబెకెకి,

నువ్వు క్షేమమేనా అని అడగను. మా సిసెల్ నిన్న ఆదివారం భోజనానికి వచ్చి నీ క్షేమసమాచారం తప్ప వేరే ఊసెత్తలేదు. సూపు దగ్గర మొదలుపెట్టి ఆపిల్ కేకు దాకా "విబెకె ఇలా అంటుంది" అన్నది పదిహేడు సార్లు. పంది రోస్టు నాది, ఎర్ర క్యాబేజీ నాది, పిల్ల నా కూతురి కూతురు. పొగడ్తలన్నీ నీవి.

"అమ్మమ్మా, అక్కడ రంగుల తెర ఉంది. సర్క్యూట్ బోర్డులో ఏ పొర కావాలంటే ఆ పొర మీట నొక్కితే వచ్చేస్తుంది. మీ రోజుల్లో నల్ల టేపు కత్తితో కోసి అంటించేవారట కదా?" అంది, మేం రాతియుగంలో నిప్పు రాజేసుకున్నట్టు.

"అంటించేవాళ్ళం. మీ విబెకె వేళ్ళకి అంటుకున్న టేపు ఊడదీసింది కూడా నేనే" అన్నాను. ఆ పిల్ల నవ్వి రోస్టు ఇంకో ముక్క వేసుకుంది. నమ్మినట్టు లేదు.

పందొమ్మిదేళ్ళ దానివి నా బల్ల దగ్గరికి వచ్చి చేరినప్పుడు నీకు తిన్నగా గీత గీయడం రాదు. ముప్ఫై మూడేళ్ళ కిందటి మాట. ఇప్పుడు నువ్వు డ్రాయింగ్ ఆఫీసు పెద్దవి, నా మనవరాలు నీ దగ్గర శిక్షణలో ఉంది. ఆగస్టులో నీ దగ్గర చేరుతున్నానని చెప్పినప్పుడు "మంచిది, చేరు" అన్నాను. ఆ మాట అంత మెత్తగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అది ఫోను పెట్టేశాక ఇంట్లో కిటికీలన్నీ తుడిచాను.

మీరు ఇప్పుడు చేస్తున్న బోర్డుకి పొరపొరా తీసిన ఫిల్ములు ఒక సెట్టు పంపు. రిటైరైంది నా చేతులే. కళ్ళకి ఇంకా ఎవరూ వీడ్కోలు సభ చేయలేదు.

ఆస్టా

*

ఆల్బోర్గ్
19 సెప్టెంబరు 1995

ఆస్టా గారికి,

మీ ఉత్తరం విప్పగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పాత అలవాటు. 'మీరు' మానేసి 'నువ్వు' అనమని డెబ్భై మూడులో క్రిస్మస్ విందు దగ్గర గ్లాసెత్తి మరీ అనుమతిచ్చారు. ఇరవై రెండేళ్ళయింది, ఇంకా నోరు తిరగడం లేదు.

సిసెల్ బుద్ధిమంతురాలు. ఓపిక ఎక్కువ, మాట తక్కువ. మాట్లాడితే "మా అమ్మమ్మ అయితే" అని మొదలుపెడుతుంది. మీ లెక్క పదిహేడు. నా లెక్క చెప్పను, మీరు సంతోషిస్తారు.

ఫిల్ములు నాలుగూ పంపుతున్నాను, పొరకి ఒకటి. ఇది పందుల కొట్టంలో పెట్టే పెట్టె. పంది తొట్టి దగ్గరికి రాగానే దాని చెవికున్న బిళ్ల చదివి, ఆ రోజు వాటా కొలిచి పోస్తుంది. ఒకసారి తిన్నది మళ్ళీ వచ్చి అమాయకంగా నిలబడితే పోయదు. కొత్త నిబంధన సంగతి మీరు పేపర్లో చూసే ఉంటారు. జనవరి ఒకటి నుంచి, ఏ పెట్టె అయినా చుట్టుపక్కల రేడియోలను చెడగొట్టేంత రొద చేస్తే అమ్మడానికి వీల్లేదు. మాకు పరీక్ష నవంబరు 14న. మేమున్నది పందొమ్మిది మందిమి. ఈ పెట్టె పరీక్ష నెగ్గకపోతే చలికాలం గడవడం కష్టం.

అందుకే ఇంకో జత కళ్ళు కావాలి. ఎవరు గీశారని చూడకండి. నేనే గీశాననుకుని మొహమాటం లేకుండా చెప్పండి. మీకు మొహమాటం నేర్పడానికి నేను సరిపోనని తెలుసు.

మీ విబెకె

*

లెమ్విగ్
9 అక్టోబరు 1995
(రాసి, టపాలో వేయనిది)

విబెకె,

తొందరగా చదువు. రెండో ఫిల్మును వంటింటి కిటికీ అద్దానికి అంటించి చూశాను. ఎండ ఉంటే అద్దమే నాకు లైటు బల్ల.

మొదటి పొరలో, ఎడమవైపు పై మూల, బూటు ఆకారంలో ఒక పెద్ద రాగి ముక్క ఉంది. అలాంటి ముక్క కింది పొరలో బోర్డంతా పరిచిన గ్రౌండు రేకుని గట్టిగా పట్టుకుని ఉండాలి. పట్టు లేకపోతే అది ఏరియల్ అయిపోతుంది. పక్క తీగల్లో జరిగే గుసగుసలన్నీ విని ఊరంతటికీ పాడి వినిపిస్తుంది. దాన్ని కిందికి కలపడానికి లోపల రాగి పూసిన ఆరు బెజ్జాలు వేశావు. బాగుంది.

కానీ రెండో ఫిల్ము చూడు. గ్రౌండు రేకు ఫిల్ము తిరగేసి గీస్తామని నీకు నేనే చెప్పాను. అందులో నల్లగా ఉన్న చోట రాగి ఉండదు. బెజ్జం రేకుని తాకాలంటే దాని చుట్టూ బండి చక్రంలా నాలుగు చోట్ల తెగిన వలయం ఉండాలి. ఆ తెగిన చోట్లే రాగి మిగిలి ఆకుల్లా బెజ్జాన్ని పట్టుకుంటుంది. నిండు నల్ల బిళ్ల ఉంటే చుట్టూ రాగి లేనట్టే, తాకనట్టే. నీ ఆరు బెజ్జాల దగ్గరా ఆరు నిండు బిళ్లలు ఉన్నాయి. ఆరు మేకులు నేలలోంచి దిగాయి, ఒక్కటీ నేలని తాకలేదు.

ఆరింటికీ పెన్సిలుతో సున్నాలు చుట్టాను. బిళ్లలు తీసి చక్రాలు పెట్టు. పది నిమిషాల పని. నవంబరు 14 లోపల

ఫోను మోగుతోంది. మళ్ళీ రాస్తాను.

*

లెమ్విగ్
10 అక్టోబరు 1995

విబెకెకి,

ఫిల్ములు తిరిగి పంపుతున్నాను.

నిన్న సిసెల్ ఫోను చేసింది. ఈ అక్టోబరు బంగాళాదుంప సెలవులకి ఇక్కడికి రావడం లేదట. స్కాగెన్‌లో నీ వేసవి ఇంటికి వస్తుందట, కిటికీలకి రంగు వేయడానికి. "విబెకె ఒక్కతే కదా అమ్మమ్మా, పాపం" అంది. నేనూ ఒక్కదాన్నే. నా కిటికీలకీ రంగు పోయింది. కాకపోతే అవి విబెకె కిటికీలు కావు.

నీకు ఈ భాగ్యం మొదటి నుంచీ ఉంది. డెబ్భై తొమ్మిదిలో మన ఇద్దరిలో ఒకరిని కంప్యూటర్ కోర్సుకి కోపెన్‌హాగన్ పంపుతామన్నారు. నాకు యాభై ఏళ్ళు, నీకు ముప్ఫై ఆరు. "ఆస్టా చేతికి టేపే బాగుంటుంది" అన్నారు. అది మెచ్చుకోలు అనుకుని ఒక పూటంతా సంతోషించాను కూడా. నువ్వు తిరిగొచ్చాక మూడు వారాలు నీ కాఫీ కప్పు ఒక్కటీ కడగలేదు. నువ్వు గమనించనే లేదు.

సరే, నీ బోర్డు. అక్షరాలు వంకర. తీగల మలుపులు తిండి ఎక్కువైన పంది షికారు వెళ్ళినట్టున్నాయి. పైన కుడివైపు అంత గుంపు ఎందుకో, కింద అంత ఖాళీ ఎందుకో గీసినవాళ్ళకే తెలియాలి. పనిలో మనసు లేదు, చేయికి తూకం లేదు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల గీసినా ఇంతకంటే పొందిగ్గా ఉంటుంది. అడిగావు కాబట్టి చెప్పాను.

రాగి సంగతి చెప్పడానికి ఏమీ లేదు.

ఆస్టా

*

ఆల్బోర్గ్
17 నవంబరు 1995

ఆస్టా గారికి,

పరీక్షలో పోయింది. పంది దగ్గర నెగ్గింది, రేడియో దగ్గర పోయింది. ఉండాల్సిన దానికి నాలుగు రెట్లు రొద.

రెండు రోజులు కారణం తెలియలేదు. కంప్యూటర్‌ని అడిగితే తప్పేమీ లేదంది. మూడో రోజు మా ఇంజనీరు బోర్డు మీద అక్కడా ఇక్కడా వేలు పెట్టి చూస్తుంటే, ఆ బూటు ముక్క మీద వేలు పడగానే రొద కొలిచే సూది కిందికి దిగింది. వేలు తీస్తే పైకి లేచింది. అప్పుడు తెరని వదిలేసి ఫిల్ములు తీసి లైటు బల్ల మీద పరిచాను. ఆ ముక్కకీ దాని బెజ్జాలకీ 'గ్రౌండు' అని పేరు పెట్టడం మరిచారు. పేరు లేని రాగి కంప్యూటర్‌కి పరాయిది. అందుకే బెజ్జం బెజ్జానికీ ఒక బిళ్ల అడ్డం పెట్టి రేకుకి దూరంగా ఉంచింది. పేరు లేనిది ఎవరినీ కలవకపోయినా దాని లెక్కలో తప్పు కాదు.

ఆస్టా గారూ, లైటు బల్ల మీద ఇంకొకటి కనిపించింది. ఆరు బిళ్లల చుట్టూ ఆరు సున్నాలు. చెరిపిన సున్నాలు. మీరు పెన్సిలు ఎప్పుడూ నొక్కి రాస్తారు. రబ్బరుతో నలుపు పోయింది, గాడి పోలేదు.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. ఆ బోర్డు నేను గీయలేదు. సిసెల్ గీసింది. మొదటి రేఖ నుంచి చివరి బెజ్జం దాకా, తన మొట్టమొదటి బోర్డు. మీకు పంపుతున్నప్పుడు "నాదని చెప్పకు. మనవరాలిదని తెలిస్తే అమ్మమ్మ ఏదో ఒకటి మెత్తగా అంటుంది. అసలు మాట వినాలి నాకు" అంది. మీ జవాబు కోసం మూడు వారాలు రోజూ టపా పెట్టె దగ్గర నిలబడింది. నేను నేర్పాను, పక్కన కూర్చున్నాను, తప్పులు దిద్దాను. నేను బాగుందంటే "ఊఁ" అనేది. మీ మాట కోసం మాత్రం కాళ్ళు నొప్పెట్టేలా నిలబడింది. అది చూసి నాకు మండింది.

అందుకే ఇది కూడా చెప్పాలి. మీ ఉత్తరం వచ్చినప్పుడు ఏదో ఒక సాకు చెప్పి దాచేయొచ్చు. దాచలేదు. 'పనిలో మనసు లేదు, చేయికి తూకం లేదు' దాకా పైకి చదివి వినిపించాను.  ఆ పిల్ల లేచి వెళ్ళి కప్పులు కడిగింది. తర్వాత ఆ ఫిల్ముల్ని మళ్ళీ ముట్టుకోలేదు. వాటిని సరిచూడాల్సిన బాధ్యత నాది. మీరు చూశారు కదా అని నేనూ చూడలేదు.

తప్పు నాదని డైరెక్టర్‌తో చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. సిసెల్ ఒప్పుకోవడం లేదు. నెలాఖరుకి మానేస్తానంటోంది. "నా చేతులు దీనికి పనికిరావు, మా అమ్మమ్మకి ముందే తెలుసు" అంటోంది. గదిలో పెట్టెలు సర్దుతోంది. మళ్ళీ పరీక్ష డిసెంబరు 5న.

చెరిపిన సున్నాల సంగతి దానికి చెప్పలేదు. చెబితే మిమ్మల్ని పోగొట్టుకుంటుంది, చెప్పకపోతే పనిని పోగొట్టుకుంటుంది. ఏం చేయమంటారు?

విబెకె

*

లెమ్విగ్
20 నవంబరు 1995

విబెకె,

నువ్వు చెప్పకు. ఎల్లుండి పొద్దుటి బస్సులో వస్తున్నాను. స్టేషనుకి రావద్దు.

ఆస్టా

*

లెమ్విగ్
24 నవంబరు 1995

విబెకె,

నీకు దొరక్కుండా వచ్చాను, దొరక్కుండా వెళ్ళాను. ఏం జరిగిందో తెలుసుకోవడానికి నీకు హక్కుంది కాబట్టి రాస్తున్నాను.

సిసెల్ గదిలో నాలుగు పెట్టెలున్నాయి, తాడు కట్టినవి రెండు. ఉన్న ఒక్క కుర్చీ నాకు చూపించింది. కూర్చోలేదు. కూర్చుంటే ముందు వాతావరణం గురించి మాట్లాడతానని నా భయం.

"ఆ ఆరు బిళ్లలూ నేను అక్టోబరులోనే చూశాను" అన్నాను.

"చూశావా?"

"నిమిషంలో చూశాను. సున్నాలు చుట్టాను."

"మరి ఫిల్ము మీద లేవే?"

"చెరిపేశాను."

అది మంచం అంచున కూర్చుంది. "ఎందుకు?"

"అది విబెకె గీసిందనుకున్నాను."

"అంటే ఆవిడ పట్టుబడాలని."

"అవును."

"ఏం చేసింది ఆవిడ నీకు?"

నా దగ్గర ముప్ఫై మూడేళ్ళ జాబితా ఉంది. కోపెన్‌హాగన్ ఉంది, రంగుల తెర ఉంది, పదిహేడు సార్లు ఉంది. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ఒక్కటే. "నువ్వు ఆవిడ కిటికీలకి రంగు వేశావు" అన్నాను. అరవై ఆరేళ్ళ మనిషిని, కాలేజీలో గణితంలో బంగారు పతకం తెచ్చుకున్నదాన్ని.

అది నవ్వింది. మంచి నవ్వు కాదు. "పద్నాలుగేళ్ళప్పుడు నాకు గీయడం నేర్పమని నిన్ను అడిగాను, గుర్తుందా?"

"లేదు."

"'నీ చేతులు దీనికి పనికిరావు, వెళ్ళి బల్ల తుడు' అన్నావు. నువ్వు నేర్పనన్నావు కాబట్టే నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరా అని వెతుక్కుంటూ వెళ్ళాను. విబెకె దొరికింది. అమ్మమ్మా, నేను ఆవిడ దగ్గరికి వెళ్ళింది నీ కోసమే. నీకు ఆ మాత్రం తెలియలేదా?"

తెలియలేదు. ఆరు బిళ్లలు నిమిషంలో కనిపించాయి, ఇది ఏడేళ్ళు కనిపించలేదు.

క్షమించమని అడగలేదు. అడిగితే మర్యాదకి సరేనంటుంది, అది నాకు వద్దు. "మానేయాలనుకుంటే నీ అంతట నువ్వు మానెయ్యి. నా మాట మీద మానకు. ఆ మాట బోర్డు గురించి రాసింది కాదు" అన్నాను. తర్వాత ఫిల్ము ఉందా అని అడిగాను. పెట్టె అడుగు నుంచి తీసింది. కిటికీ అద్దానికి ఆనించి, తిరగేసిన ఫిల్ము ఎలా చదవాలో మొదటి నుంచి చెప్పాను. నలుపంటే లేనిదనీ, తెలుపంటే ఉన్నదనీ, కళ్ళని ముందు తలకిందులు చేసుకోవాలనీ. గంటసేపు విన్నది. ప్రశ్నలడిగింది. ఒక్కసారి కూడా అమ్మమ్మా అనలేదు.

బస్సు దాకా వచ్చింది. చెయ్యి ఊపలేదు. తాడు విప్పుతుందో, మిగిలిన రెండింటికీ కడుతుందో నాకు తెలియదు.

దానికి నా ఉత్తరం పైకి చదివినందుకు నీ మీద కోపం రావాలి. వెతుక్కున్నాను, దొరకలేదు. నీ స్థానంలో ఉంటే నేను రెండుసార్లు చదివేదాన్ని.

ఆస్టా

*

ఆల్బోర్గ్
7 డిసెంబరు 1995

ఆస్టా గారికి,

నెగ్గింది. ముందు అది చెప్పేస్తే మీరు కూర్చుని తక్కినది చదువుతారని.

మీరు వెళ్ళిన మర్నాడు సిసెల్ ఏడు గంటలకే ఆఫీసుకి వచ్చింది. నాకు గుడ్‌మార్నింగ్ చెప్పింది గానీ మొహం చూడలేదు. బూటు ముక్కకి పేరు పెట్టింది, బెజ్జాలకి పేరు పెట్టింది. బిళ్లలు పోయి చక్రాలు వచ్చాయి. అమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి చూస్తే చక్రాలు కూడా తీసేస్తోంది.

"చక్రాలుండాలి" అన్నాను.

"ఎందుకు?"

"బెజ్జం చుట్టూ రేకు నిండుగా ఉంటే టంకం పెట్టేటప్పుడు వేడంతా రేకులోకి పారిపోతుంది. టంకం అతకదు."

"ఈ బెజ్జాల్లో టంకం పెట్టడానికి ఏ విడిభాగం కాలుంది? ఇవి ఊరికే పైనుంచి కిందికి కలపడానికే కదా. వేడి పారిపోతే ఏం?"

 "మీ అమ్మమ్మ అలాగే నేర్పింది" అన్నాను.

"ఆవిడకి ఎవరు నేర్పారు?"

అంటూనే ఆరు బెజ్జాలనీ రేకుతో నిండుగా, చుట్టూ సందు లేకుండా కలిపేసింది. ఇంకో ఎనిమిది చేర్చింది, ముక్క అంచు పొడుగునా. నేను ఊరుకున్నాను. పోతే అప్పుడు మాట్లాడదామని మనసులో ఎక్కడో అనుకున్నాను కూడా. చూశారా, మీ శిష్యురాలినే.

మొన్న పరీక్షలో సూది హద్దు గీత దగ్గరికి కూడా రాలేదు. పరీక్షించేవాడు యంత్రం పాడైందేమోనని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాడు. "ఎవరు గీశారు?" అని అడిగాడు. నేను ఒక అడుగు ముందుకు వేయబోయాను, అలవాటు. ఆ పిల్ల "నేను" అంది.

మానడం లేదు. డైరెక్టర్ శిక్షణ మార్చి దాకా పొడిగించాడు. నాకు గర్వంగా ఉందని నలుగురికీ చెప్పాను. ఇంటికొచ్చి కోటు విప్పుతుంటే కడుపులో మంట మొదలైంది. ఇరవై ఏళ్ళుగా ఆ చక్రాలు నేను పెడుతున్నాను. ఒక్కనాడు ఎందుకని అడగలేదు.

మీకు ఫోను చేయమన్నాను. "రాస్తాలే" అంది. ఎప్పుడని అడగలేదు.

మీ విబెకె

*

లెమ్విగ్
12 డిసెంబరు 1995

విబెకె,

రాసింది. నాలుగు వాక్యాలు, అందులో ఒకటి వాతావరణం. క్రిస్మస్ మర్నాడు వచ్చి మధ్యాహ్నం భోజనం చేసి వెళుతుందట. రాత్రి ఉండదట. 'ప్రియమైన అమ్మమ్మకి' అని లేదు, 'అమ్మమ్మకి' అని ఉంది. దాన్ని అలాగే తీసుకుంటున్నాను. ఇంత ఇచ్చినందుకే అది పెద్ద మనసు చేసుకున్నట్టు.

నీ ఉత్తరం చదివి నేనూ ఒక పాత బోర్డు అటక మీదినుంచి దింపి చూశాను. రేకుని ఊరికే కలిపే బెజ్జాలు నలభై ఒకటి. నలభై ఒక్క చక్రాలు, ఒక్కొక్కటీ నా చేత్తో అంటించినవి, ఒక్కటీ అక్కర్లేదు. నాకు నేర్పింది ఫిలిప్‌సెన్ అనే ముసలాయన. ఎందుకని అడిగితే చెవి మెలిపెట్టేవాడు, అందుకని అడగలేదు. అది సాకే. చెవి నాది, తల కూడా నాదే కదా.

వేసవి నుంచీ ఆ పిల్ల నీదా నాదా అని ఏడ్చాను. అది నీదీ కాదు, నాదీ కాదు, తేలిపోయింది. ఇప్పుడు నేరుగా దాన్ని చూసే ఏడుస్తున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళు, నాలుగు నెలల అనుభవం, నా జీవితమంతటిలో నాకు తట్టని ప్రశ్న. ఇది కాస్త మర్యాదైన ఏడుపు, వయసుకి తగినది.

నీక్కూడా కడుపు మండుతోందన్నావు. ఒక్కదానివే కూర్చుని మండించుకోకు. ఆదివారం రా, కాఫీ పెడతాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇద్దరం ఒకే మనిషిని చూసి ఏడుస్తున్నాం.

నీ
ఆస్టా